సూపర్ మార్కెట్లో పాట ఎవరి కోసం?

దుకాణంలో పాట పెడితే అమ్మకాలు పెరుగుతాయని చెప్పేవాళ్ళ నోట తరచు వినబడే అంకె ఒకటుంది: 38 శాతం. అమెరికాలో మార్కెటింగ్ పాఠాలు చెప్పే రొనాల్డ్ మిల్లిమన్ 1982లో ‘జర్నల్ ఆఫ్ మార్కెటింగ్’లో రాసిన వ్యాసంలోది అది. నైరుతి అమెరికాలో ఒక మోస్తరు ఊళ్ళోని సూపర్ మార్కెట్లో ఆయన కొన్ని రోజులు నిదానంగా నడిచే సంగీతం, కొన్ని రోజులు గబగబా నడిచే సంగీతం పెట్టించాడు. కొన్ని రోజులు అసలేమీ పెట్టనివ్వలేదు. నిమిషానికి 72 దరువులు మించకపోతే నిదానం, 94కు తగ్గకపోతే వేగం అని లెక్క. వేగం రోజుల్లో సగటు అమ్మకం 12,112 డాలర్లు, నిదానం రోజుల్లో 16,740 డాలర్లు. దుకాణం లోపల రెండు గుర్తుల మధ్య దూరం నడవడానికి జనానికి వేగం సంగీతంలో 109 సెకన్లు పడితే, నిదానం సంగీతంలో దాదాపు 128 సెకన్లు పట్టింది.

ఇంత ముచ్చటైన లెక్కను ఏ వ్యాపారి వదులుకుంటాడు? కానీ అసలు వ్యాసం తెరిచి చదివితే సంగతి కాస్త వేరుగా ఉంటుంది. ఆ 38 శాతం నిదానానికీ వేగానికీ మధ్య తేడా. సంగీతానికీ నిశ్శబ్దానికీ మధ్య తేడా కాదు. ఏమీ పెట్టని రోజుల్లో జనం నడక ఆ రెంటికీ నడుమన పడింది. పైగా ఆయన వాడింది గొంతు లేని వాద్య సంగీతం. ఇవాళ లండన్‌లోనో చికాగోలోనో పాలడబ్బా కోసం వెళ్ళిన మనిషికి పైకప్పులోంచి వినబడేది 1980ల నాటి హిట్ పాట, పాడినవాడి గొంతుతో సహా. దాని గురించి మిల్లిమన్ ఒక్క ముక్కా చెప్పలేదు.

మరి అందరికీ తెలిసిన పాట దుకాణంలోకి ఎలా వచ్చింది? నేను చూసినంతలో, పరిశోధన చెప్పిందని రాలేదు. పాటలమ్మే వ్యాపారం మలుపు తిరిగితే వచ్చింది. పరిశోధన తర్వాత వచ్చి కారణాలు వెతికింది. దొరికిన కారణాలు ఒకదానితో ఒకటి పొసగవు.

ఈ వ్యాపారాన్ని మొదలుపెట్టినవాడు ఒక సైనికాధికారి. అమెరికా సైన్యంలో మేజర్ జనరల్‌గా చేసిన జార్జ్ ఓవెన్ స్క్వైర్, ఒకే తీగ మీద ఒకేసారి అనేక సంకేతాలు పంపే పద్ధతి కనిపెట్టాడు. రేడియో సెట్టు కొనక్కర్లేకుండా తీగ ద్వారానే ఇంటింటికీ సంగీతం పంపవచ్చని ఆయన ఆలోచన. 1934లో ఆ ఆలోచన మీద నడుస్తున్న కంపెనీకి మ్యూజాక్ అని పేరు పెట్టాడు, అదే ఏడాది కన్నుమూశాడు. ఇళ్ళలోకి అప్పటికే రేడియో వచ్చేసింది కాబట్టి కంపెనీ హోటళ్ళ వైపు తిరిగింది, తర్వాత ఫ్యాక్టరీల వైపు, ఆఫీసుల వైపు. రెండో ప్రపంచ యుద్ధంతో దాని దశ తిరిగింది. పని ఎక్కువ, మనుషులు తక్కువ. అలిసిపోయిన చేతులను పాటతో కదిలించవచ్చని ప్రభుత్వాలూ యజమానులూ నమ్మిన రోజులవి. మ్యూజాక్ తయారుచేసిన పద్ధతి ప్రకారం పావుగంట సేపు పాట పాటకూ ఊపు పెంచుతూ పోవాలి, ఆ తర్వాత పావుగంట నిశ్శబ్దం. మనిషి ఓపిక మధ్యాహ్నం భోజనానికి ముందు ఎప్పుడు సన్నగిల్లుతుందో, సాయంత్రం ఎప్పుడు సన్నగిల్లుతుందో గీతలు గీసి మరీ ఆ ఊపును అమర్చారు.

ఇంగ్లండులో బీబీసీ 1940 జూన్‌లో ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. 1967 దాకా నడిచింది. మన విషయానికి బాగా పనికొచ్చే ఉదంతం ఒకటి అక్కడే ఉంది. ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్’ అనే పాటను ఆ కార్యక్రమంలో వేయకూడదని బీబీసీ నిషేధించింది. అందులో పల్లవికి తాళంగా చప్పట్లు కొట్టే చోటు ఉంది. అది రాగానే కార్మికులు చేతిలో పని వదిలేసి చప్పట్లు కొడుతున్నారు, లేదా చేతిలో ఉన్న పనిముట్టుతోనే బల్ల మీద కొడుతున్నారు. తెలిసిన పాట మనిషిని పనిలోంచి బయటికి లాగుతుందని ఆనాటి వాళ్ళకు స్పష్టంగా తెలుసు. మ్యూజాక్‌కూ తెలుసు. అందుకే ఆ కంపెనీ హిట్ పాటల బాణీ తీసుకుని, గొంతు తీసేసి, వయొలిన్లతో మెత్తగా మళ్ళీ వాయించి రికార్డు చేయించేది. చెవిన పడాలి, మనసు దాని వెంట పోకూడదు. అదీ సూత్రం.

ఇది మొదట తట్టింది వ్యాపారికి కాదు, ఒక స్వరకర్తకు. ఫ్రాన్స్‌లో ఎరిక్ సాటీ 1920లో పారిస్‌లో ఒక నాటకం విరామ సమయంలో, గదిలో కుర్చీలూ బల్లల్లా ఉండీ లేనట్టుండే సంగీతం వాయింపించాడు. అప్పటికి జనానికి బాగా తెలిసిన బాణీల ముక్కలను తిప్పి తిప్పి వాయించడమే అది. తీరా సంగీతం మొదలవగానే కబుర్లాడుకుంటున్న ప్రేక్షకులు నోరు మూసుకుని శ్రద్ధగా వినసాగారు. వినకండి, మాట్లాడుకోండి, తిరగండి అంటూ సాటీ వాళ్ళ మధ్య తిరిగి బతిమాలాల్సి వచ్చింది. ఒక శతాబ్దం నాటి ఈ చిన్న అభాసులో తర్వాత జరిగిన రభసంతా ఉంది.

1970ల నాటికి అమెరికాలో మ్యూజాక్ పేరు వెటకారపు మాటైపోయింది. రాక్ సంగీతంతో పెరిగిన తరానికి తమకు ప్రాణమైన పాటను లిఫ్టులో వయొలిన్ల మీద వింటే ఒళ్ళు మండేది. సియాటిల్ నగరంలోని యెస్కో అనే కంపెనీ ఈ సందు చూసుకుని, అసలు గాయకుల అసలు రికార్డులనే దుకాణాలకు అందించసాగింది. 1987లో మ్యూజాక్, యెస్కో ఒకటయ్యాయి. గొంతు మళ్ళీ వచ్చింది. యాభై ఏళ్ళు కాపాడుకున్న సూత్రం గాలికి పోయింది. ఏ ప్రయోగం చెప్పిందని ఈ మార్పు చేశారు? ఏదీ కాదు. జనం వయొలిన్లను ఏవగించుకున్నారు, అంతే. విచిత్రమేమంటే ఆ రోజుల్లో సియాటిల్ మ్యూజాక్ గిడ్డంగిలో దుకాణాల నుంచి తిరిగొచ్చిన క్యాసెట్లు సర్దే పనిలో ఉన్న కుర్రాళ్ళలో కొందరు గ్రంజ్ అనే హోరెత్తే రాక్ సంగీతానికి మూలపురుషులయ్యారు. ఆ మెత్తటి సంగీతానికి గురిపెట్టే వాళ్ళు తమ హోరు తయారుచేసుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

ఆ కంపెనీ 2009లో దివాలా తీసింది, 2011లో మూడ్ మీడియా చేతికి పోయింది, 2013లో పేరే తీసేశారు. వ్యాపారం మాత్రం ఉపగ్రహాల మీదుగా, ఇప్పుడు ఇంటర్నెట్ మీదుగా ఎప్పటికన్నా పెద్దదై నడుస్తోంది.

ఇక పరిశోధనలు. తెలిసిన పాట గురించి సూటిగా అడిగిన వాళ్ళు తక్కువ. రిచర్డ్ యాల్చ్, ఎరిక్ స్పాంజెన్‌బర్గ్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఒక తమాషా తేలింది. తెలిసిన పాటలు విన్నవాళ్ళు తాము ఎక్కువసేపు దుకాణంలో ఉన్నామనుకున్నారు. నిజానికి ఎక్కువసేపు ఉన్నది తెలియని పాటలు విన్నవాళ్ళు. తెలిసిన పాట మనిషిని కాస్త ఉత్తేజపరిచి తొందరగా పని ముగించేలా చేస్తోందని వాళ్ళ వివరణ. టెక్సస్ పాటకు చప్పట్లు కొట్టిన కార్మికులను తలచుకుంటే ఇది సబబుగానే ఉంది. అయితే ఆరేళ్ళ తర్వాత ఫ్రాన్సీన్ గార్లిన్, కేథరిన్ ఓవెన్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ కలిపి లెక్క వేస్తే ఫలితం తిరగబడింది: నిదానమైన, మెల్లగా వినబడే, తెలిసిన సంగీతం ఉన్నచోట జనం కాస్త ఎక్కువసేపు ఉంటున్నారు. ఎంత ఎక్కువ? అంతంతమాత్రం.

పొసగకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. తెలిసిన పాట అంటే ఎవరికి తెలిసిన పాట? రాబర్ట్ జాయన్స్ 1968లోనే చూపించినట్టు, పదేపదే ఎదురైనదాని మీద మనిషికి ఇష్టం పుడుతుంది. ఈడు వచ్చే వయసులో విన్న పాటలు జ్ఞాపకంలో గట్టిగా నాటుకుంటాయి. ఇంటి సరుకులు కొనే నడివయసు దాటినవాళ్ళ కోసం వాళ్ళ కాలేజీ రోజుల పాటలు పెడతారు. కానీ అదే పాట పక్క వరసలో ఉన్న పందొమ్మిదేళ్ళ పిల్లకు తాతయ్య పాట. ఒకరికి జ్ఞాపకం, ఇంకొకరికి రొద. వీళ్ళిద్దరినీ కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఇద్దరిలో ఎవరినీ పట్టివ్వదు.

సరుకు ఎంపికను పాట మార్చగలదా అంటే, కాస్త మార్చగలదు. ఏడ్రియన్ నార్త్, అతని సహచరులు 1997లో ‘నేచర్’ పత్రికలో రాసిన ప్రయోగం దీనికి ఆధారం. ఇంగ్లండులో ఒక సూపర్ మార్కెట్ అరల్లో ధరలోనూ రుచిలోనూ సరిపోలే ఫ్రెంచి, జర్మన్ వైన్లు పెట్టారు. అర మీద ఒక టేపురికార్డరు. ఒకరోజు ఫ్రెంచి అకార్డియన్ సంగీతం, మర్నాడు జర్మనీ బీరు శాలల్లో వినబడే బాకాల సంగీతం, ఇలా రెండు వారాలు. ఫ్రెంచి సంగీతం మోగిన రోజుల్లో 40 ఫ్రెంచి సీసాలు, 8 జర్మన్ సీసాలు అమ్ముడయ్యాయి. జర్మన్ సంగీతం రోజుల్లో జర్మన్ సీసాలు 22, ఫ్రెంచివి 12. కొన్నవాళ్ళలో ప్రశ్నలకు జవాబిచ్చిన 44 మందిలో సంగీతం ప్రభావం తమ మీద ఉందని ఒప్పుకున్నది ఆరుగురే.

ఈ ప్రయోగం పేరు చెప్పి చాలామంది చాలా దూరం పోతారు. మొత్తం అమ్మిన సీసాలు 82. రెంటిలో ఏదైనా ఒకటేలే అనుకునే మనిషి చేతిని సంగీతం అటో ఇటో తోసింది, అంతవరకు నిజం. పప్పు కోసం వచ్చినవాడి చేత ఉప్పు కొనిపించలేదు. పైకప్పులో మోగే అమెరికన్ పాప్ పాట ఏ సరుకు వైపు తోస్తుంది? ఏ వైపూ కాదు. అన్ని దేశాల దుకాణాల్లోనూ ఒకటే పాట మోగుతున్నప్పుడు అది ఏ దేశాన్నీ గుర్తు చేయదు.

ఈమధ్య వచ్చినవాటిలో నాకు నమ్మదగ్గదిగా కనిపించింది స్వీడన్ సూపర్ మార్కెట్ల అధ్యయనం. కార్ల్-ఫిలిప్ ఆల్బమ్, అతనితో పనిచేసినవాళ్ళు దాదాపు లక్షన్నర బిల్లులు చూసి 2023లో ప్రచురించారు. సంగీతం ఉన్నప్పుడు సోమవారం నుంచి గురువారం దాకా ఖర్చు 10 శాతం పైచిలుకు పెరిగింది. వారాంతంలో ఆ తేడా కనబడలేదు. పనిరోజుల్లో ఆఫీసు నుంచి బడలికతో వచ్చినవాళ్ళకు పాట హాయినిచ్చి లెక్కలు వేసే బుద్ధిని కాస్త సడలిస్తుందని, శని ఆదివారాల్లో మనసు ఎటూ తేలిగ్గానే ఉంటుందని వాళ్ళ వివరణ. స్వీడన్‌లోనే ఒక రెస్టారెంట్ల గొలుసులో చేసిన ఇంకో అధ్యయనం, ఊరికే పెద్ద హిట్లు కలిపి వేయడం కన్నా ఆ దుకాణం స్వభావానికి తగినట్టు ఎంచిన పాటలు నయమని చెప్పింది. కానీ దాని వెనకున్నది దుకాణాలకు పాటల జాబితాలు అమ్మే కంపెనీ. వంటవాడే వడ్డించి వాడే మెచ్చుకున్నట్టుంది.

పరిశోధకులు అంతగా పట్టించుకోని సంగతి ఒకటి చెవి పెట్టి వింటే తెలుస్తుంది. సూపర్ మార్కెట్ పైకప్పులోని స్పీకర్లు పాట వినడానికి పెట్టినవి కావు, ప్రకటనలు వినిపించడానికి పెట్టినవి. ఒకే జత తీగల మీద అమెరికాలో అయితే 70 వోల్టుల లైను, మన దగ్గరైతే 100 వోల్టుల లైను లాగి, వరసకు కొన్ని చొప్పున చిన్న కోనులు తగిలిస్తారు. వాటిలోంచి కింది స్థాయి బేసు సరిగా రాదు. పాలు, ఐస్‌క్రీములు ఉన్న వరసలోకి వెళితే ఫ్రిజ్‌ల కంప్రెసర్ల గుర్రుమనే శబ్దం ఉన్న కాస్తనూ మింగేస్తుంది. మిగిలేది గాయకుడి గొంతు, డప్పు మీద పడే పదునైన దెబ్బ. మధ్యలో ఫలానా కౌంటరుకు రావాలంటూ ఎవరినో పిలుస్తారు, పాట చరణం మధ్యలో తలదించుకుని మళ్ళీ లేస్తుంది. ఇలాంటి చోట కొత్త పాట పెడితే అది సంగీతంగా చేరదు. తెలిసిన పాటైతే సగం వినబడినా మిగతా సగం జ్ఞాపకం పూరిస్తుంది. హిట్ పాటలే పెట్టడానికి ఇంత మామూలు కారణం కూడా ఉందని నా అనుమానం.

ఇక డబ్బు సంగతి. హోటల్లో సంగీతం వాయిస్తే స్వరకర్తకు చెల్లించాలా అన్న ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు ముందుకు 1917లోనే వచ్చింది. భోజనానికే డబ్బిచ్చారు కదా, సంగీతానికి కాదు కదా అన్న వాదనను జస్టిస్ హోమ్స్ కొట్టేశాడు: లాభం లేకపోతే హోటలువాడు సంగీతం పెట్టనే పెట్టడన్నాడు. 1975లో మాత్రం అదే కోర్టు, పైకప్పులో నాలుగు స్పీకర్లకు రేడియో తగిలించిన పిట్స్‌బర్గ్ చికెన్ కొట్టు యజమాని జార్జ్ ఐకెన్ వైపు తీర్పిచ్చింది. 1998లో అమెరికా కాంగ్రెస్ ఇంకా ముందుకు పోయి, 2,000 చదరపు అడుగుల లోపు దుకాణాలు రేడియో, టీవీల్లో వచ్చే పాటలను ఏమీ కట్టకుండా వినిపించుకోవచ్చంది. తమ పాటల రచయితల నోటి దగ్గర కూడు లాక్కున్నారని యూరప్ దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి 2000లో గెలిచాయి. చట్టం మాత్రం మారలేదు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం దుకాణంలో పాట వేయడం బహిరంగ ప్రదర్శనే. పెళ్ళి ఊరేగింపుకూ మతపరమైన ఉత్సవాలకూ మినహాయింపు ఉంది గానీ కిరాణా కొట్టుకు లేదు. రికార్డు కంపెనీల తరఫున 1941లో పుట్టిన పీపీఎల్, రచయితలూ స్వరకర్తల తరఫున 1969లో పుట్టిన ఐపీఆర్ఎస్ రుసుములు వసూలు చేస్తాయి. నెలకు ఇంతని కట్టి ఫోనులో పాటల యాప్ పెట్టుకున్నాం, దానికే స్పీకరు తగిలించాం అంటే చెల్లదు. ఆ చందా సొంతంగా వినడానికే. హైదరాబాదులో, విజయవాడలో ఎన్ని కొట్లు ఈ సంగతి తెలియకుండా నడుస్తున్నాయో చూడాలంటే ఏ వీధిలోనైనా నాలుగడుగులు వేస్తే చాలు.

మనకు ఈ అలవాటు సూపర్ మార్కెట్‌తో రాలేదని కూడా చెప్పుకోవాలి. ఇరానీ హోటల్లో రేడియో ఉండేది. పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం పెట్టడం 1963లో ఆ రికార్డు వచ్చిన తర్వాత దక్షిణాదిలో ఒక ఆచారంలా స్థిరపడింది. దానికి ఒక వేళ ఉంది, ఒక పని ఉంది: తలుపులు తెరిచాం, బోణీ కావాలి. జపాన్‌లో దీనికి సరిగ్గా ఎదురు వేళకు ఒక పాట ఉంది. దుకాణం మూసే వేళ ‘హొతరు నో హికారి’ బాణీ మోగుతుంది. స్కాట్లాండు వీడ్కోలు పాట ‘ఆల్డ్ లాంగ్ సైన్’ బాణీ అది. ఎవరూ బయటికి పొమ్మనకుండానే జనం బిల్లు కౌంటరు వైపు కదులుతారు. తెలిసిన పాట నిజంగా పనిచేసే చోటు ఇదే అనుకుంటాను. కచ్చితమైన అర్థం ఉంది, పది నిమిషాల్లో అయిపోతుంది.

రోజంతా మోగేదాని మీద తిరుగుబాటు కూడా పాతదే. వాషింగ్టన్ నగరంలో ట్రాములు, బస్సుల్లో రేడియో వినిపించడం మీద ప్రయాణికులు వేసిన కేసులో 1952లో సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. జస్టిస్ డగ్లస్ ఒక్కడే, మనిషిని తప్పించుకోలేని శ్రోతను చేసి వినిపించడం స్వేచ్ఛకు భంగమని విభేదించాడు. జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ఆ కేసు నుంచే తప్పుకున్నాడు. ఆ రొదకు తానూ బాధితుణ్ణే కాబట్టి తీర్పు చెప్పడం సబబు కాదన్నాడు. 1969లో యునెస్కోకు అనుబంధంగా ఉన్న అంతర్జాతీయ సంగీత మండలి నిశ్శబ్దం మనిషి హక్కు అంటూ తీర్మానం చేసింది. బ్రిటన్‌లో 1992లో పుట్టిన పైప్‌డౌన్ ఉద్యమం ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసి రాసి, 2016లో మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాల్లో పాట ఆపించింది. ఆటిజం ఉన్నవాళ్ళ కోసం ఆస్ట్రేలియాలో కోల్స్ సూపర్ మార్కెట్లు 2017లో, బ్రిటన్‌లో మారిసన్స్ 2018లో వారంలో ఒక గంట నిశ్శబ్దం పాటించడం మొదలుపెట్టాయి. దుకాణంలో పాట అందరికీ హాయి కాదని కంపెనీలే ఒప్పుకున్నట్టు.

ఈ మొత్తం చర్చలో దుకాణాల్లో ప్రయోగాలు చేసినవాళ్ళు దాదాపు అందరూ కొనేవాళ్ళ గురించే మాట్లాడారు. కొనేవాడు అరగంటలో వెళ్ళిపోతాడు, అక్కడ పనిచేసేవాడు రోజంతా వింటాడు. అమెరికాలో కేమార్ట్ దుకాణంలో ఒకప్పుడు పనిచేసిన వ్యక్తి, 1980ల చివర్లోనూ 1990ల మొదట్లోనూ అక్కడ మోగిన క్యాసెట్లను దాచి 2015లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. కొన్ని టేపులు అరిగి ముడతలు పడ్డాయి. వాటంతటవే వెనక్కి తిరిగి మొదలయ్యే యంత్రంలో రోజుకు 14 గంటలు, వారానికి ఏడు రోజులు తిరిగాయని రాశాడు. అయస్కాంతపు టేపే అరిగిపోయిందంటే కౌంటరు వెనక నిలబడ్డ మనిషి చెవి ఏమయి ఉంటుంది? అప్పట్లో కొనడానికి వచ్చినవాళ్ళు ఆ క్యాసెట్లను ఇప్పుడు ముచ్చటగా మళ్ళీ వింటున్నారు. వాళ్ళకది చిన్ననాటి ఆదివారం. అక్కడ జీతానికి పనిచేసినవాళ్ళు ఎవరైనా వింటారా అన్నది నాకు అనుమానమే. రోజూ ఎనిమిది గంటలు ఒకే జాబితా తిరిగి తిరిగి వినేవాళ్ళకు ఇష్టమైన పాట కూడా మొహం మొత్తుతుంది.

కాబట్టి సూపర్ మార్కెట్లు నడిపేవాళ్ళకు ఒక మనవి. మీకు పాటలు అమ్మడానికి వచ్చినవాడు 38 శాతం అంటే, అది గొంతు లేని సంగీతంలో నిదానానికీ వేగానికీ మధ్య తేడా అని చెప్పండి. పనిరోజుల్లో పాట వల్ల కొంత లాభం ఉండవచ్చు, వద్దనను. శని ఆదివారాల్లో లేదని స్వీడన్ లెక్క చెబుతోంది కదా, ఒక నెలపాటు ఆ రెండు రోజులూ స్పీకర్లు ఆపి మీ బిల్లులు మీరే సరిచూసుకోండి. మిగతా రోజుల్లో ఏ పాట, ఎంత చప్పుడు అన్నది బిల్లు కౌంటర్లో కూర్చునేవాళ్ళకు వదిలేయండి.